మూలము – ఒక చీనా అక్షరము చరిత్ర

తెలుగు తరగతిలో వ్యాసములు దిద్దునప్పుడు మాకు ఏటేటా ఎదురగు సంఘటన యొకటి కలదు. ఉర్దూ మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థి తన వ్యాసములో 'అసలు' అని వ్రాయును. ప్రక్కనున్న మిత్రుని మాట విని వెంటనే దానిని కొట్టివేయును. ఎందుకు కొట్టివేసితివని అడిగినచో, "అది మా ఇంటి మాట సార్, తెలుగు మాట కాదట" అని తల వంచుకొనును. అదే తరగతిలో తెలుగు ఇంట పుట్టిన విద్యార్థి ఉర్దూ నేర్చుకొనుచు 'అసల్' అను మాట విని, "ఇది మా తెలుగు మాటయే కదా" అని ఆశ్చర్యపడును. ఒకరు సిగ్గుపడి కొట్టివేసిన మాటనే మరియొకరు తమదిగా గుర్తించి సంతోషించుచున్నారు.

మేము చదువుకొను దినములలో మాకును ఇట్టి అనుభవమే కలిగినది. ఒక ఉపాధ్యాయులు మా వ్యాసములోని ఆ మాట క్రింద ఎర్రసిరాతో గీత గీచి, ప్రక్కన 'అన్యదేశ్యము' అని వ్రాసిరి. వారు వ్రాసినది అబద్ధము కాదు. వ్యాకరణము ప్రకారము అది అన్యదేశ్యమే. అయినను ఆ ఎర్రగీత చాలకాలము మా మనస్సులో నిలిచియుండెను. ఒక మాట ఎక్కడ పుట్టినదను ప్రశ్నయు, అది నేడు ఎవరిదను ప్రశ్నయు ఒకటియేనా? ఈ సందేహమును తీర్చుకొనుటకు మాకు మిక్కిలి తోడ్పడినది చీనా లిపిలోని ఒక చిన్న అక్షరము. దాని అర్థము కూడ 'మూలము' అగుట విశేషము. ఆ అక్షరము చీనాలో పుట్టి, జపాను, కొరియా, వియత్నాము దేశములకు ప్రయాణించి, ఒక్కొక్కచోట ఒక్కొక్క జీవితమును గడిపినది. ఆ చరిత్రను విద్యార్థులకు సులభముగా తెలుపుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

అక్షర స్వరూపము

మన లిపులలో అక్షరము ధ్వనిని తెలుపును. చీనా లిపిలో అక్షరము ధ్వనితోపాటు అర్థమును కూడ తెలుపును. దీనిని గ్రహించుటకు అంకెలు మంచి ఉదాహరణము. '5' అని వ్రాసినచో తెలుగువారు 'ఐదు' అనియు, ఉర్దూవారు 'పాంచ్' అనియు, ఆంగ్లేయులు 'ఫైవ్' అనియు చదువుదురు. గుర్తు ఒకటే, అర్థము ఒకటే, పలుకులు వేరు. చీనా అక్షరము పలు దేశములలో చెల్లుబడి యగుటకు ఇదియే ముఖ్య కారణము.

మనము చెప్పుకొనుచున్న అక్షరమును నేటి చీనా భాషలో 'బెన్' అని పలుకుదురు. దీనిని ఎవరైనను పలకమీద అయిదు గీతలలో వ్రాయవచ్చును. ముందుగా ఒక అడ్డగీత గీచి, దానిని ఖండించుచు ఒక నిలువుగీత గీయవలెను. ఆ రెండును కలిసిన చోటునుండి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి వాలుగీతలు దించవలెను. ఇది చెట్టు. మిక్కిలి ప్రాచీన రూపములో దీనికి పైకి చాచిన కొమ్మలును, క్రిందికి దిగిన వేళ్ళును స్పష్టముగా కనబడును. ఇక నిలువుగీత అడుగుభాగమున చిన్న అడ్డగీత నొకదానిని గీచినచో 'ఇదిగో, ఇచ్చట చూడుము' అని చెట్టు మొదలును వ్రేలితో చూపినట్లగును. అదియే బెన్. కంచు పాత్రలపై లభించిన ప్రాచీన రూపములో గీతకు బదులుగా వేళ్ళపై చుక్కలు కలవు.

అదే చెట్టుకు అడుగున గాక, పైభాగమున అడ్డగీత గీచినచో 'మో' అను వేరొక అక్షరమగును. దానికి చిటారుకొమ్మ, కొస, చివర అని అర్థములు. ఒకే చెట్టు, గీత క్రిందనున్న మొదలు, పైనున్న తుది.

చీనా అక్షరములను శాస్త్రీయముగా విభజించి వివరించిన మొదటి గొప్ప నిఘంటువు షూ షెన్ అను పండితుడు క్రీ.శ. 100లో ముగించిన 'షువో వెన్ జియె జి'. అందు 9,353 అక్షరములు 540 వర్గములుగా అమర్చబడినవి. అక్షరములు పుట్టు పద్ధతులు ఆరని చెప్పు ఆ గ్రంథములో మన అక్షరము చెట్టు క్రింది భాగమను అర్థముతో వివరింపబడినది. బొమ్మపై ఒక గుర్తుంచి భావమును సూచించు అక్షరములకు ఇది నేటికిని పాఠ్యపుస్తకములలో చూపెడి ఉదాహరణము.

చీనా దేశములో

చెట్టు మొదలనునది కంటికి కనబడు వస్తువు. కాని మానవుని బుద్ధి అచ్చట ఆగలేదు. చెట్టుకు మొదలెట్టిదో ప్రతి విషయమునకు ఆధార మట్టిది కావున, బెన్ అనగా ఆధారము, ముఖ్యాంశము అను అర్థము లేర్పడినవి. మొదలును కొసను తారుమారు చేయుట అని చీనా భాషలో ఒక నానుడి కలదు. ముఖ్యమును విడిచి అల్పమును పట్టుకొను వారిని గూర్చి దానిని వాడుదురు.

ఈ పోలిక రాజనీతిలోనికి కూడ ప్రవేశించినది. వ్యవసాయము మొదలు, వర్తకము కొస అని ప్రాచీన చీనా పండితులు వాదించెడివారు. క్రీ.పూ. 81లో హన్ చక్రవర్తి ఆస్థానమున ఉప్పు, ఇనుము వర్తకముపై ప్రభుత్వపు గుత్తాధిపత్యమును గూర్చి పెద్ద చర్చ జరిగినది. అందు పండితులు మొదలును పెంచి కొసను తగ్గింపవలెనని వాదించిరి. వర్తకులను తక్కువగా చూచుటకు ఒక చెట్టు బొమ్మ సాధనమైనది. మాటకు గల మూలార్థమును మనుష్యులపై తీర్పు చెప్పుటకు వాడుకొనుట అతి ప్రాచీనమైన అలవాటని దీనివలన తెలియుచున్నది.

వర్తకులు మాత్రము ఆ అక్షరమును తమ లెక్కలలోనికి తెచ్చుకొనిరి. వ్యాపారమునకు పెట్టిన సొమ్మును 'బెన్‌చియెన్' అందురు. చియెన్ అనగా ధనము. కావున ఈ సమాసమునకు తెలుగు 'మూలధనము' అక్షరాల సరిపోవును. అప్పులో వడ్డీ గాక మిగిలిన సొమ్మునకు కూడ బెన్ అనియే పేరు. 'బెన్‌లాయ్' అనగా 'మొదటినుండియు', 'నిజమునకు', 'అసలు' అని అర్థము.

తన మొదలు తనకు దగ్గర కావున ఈ అక్షరమునకు 'ఈ', 'మన', 'స్వంత' అను అర్థములు కూడ కలిగినవి. చీనా కళాశాల సంచికలో 'మన కళాశాల' అని వ్రాయవలసిన చోట ఈ అక్షరమునే వాడుదురు.

ఇక గ్రంథముల విషయము. అచ్చుయంత్రములు లేని కాలమున పుస్తకమును చూచి పుస్తకమును వ్రాసికొనెడివారు. తప్పులు దిద్దుటకు ఎదుట నుంచుకొను మూలప్రతిని బెన్ అనిరి. క్రమముగా ప్రతులన్నిటికిని ఆ పేరు చెల్లినది. నేడు చీనా భాషలో పుస్తకములను లెక్కించునప్పుడు సంఖ్య తరువాత ఈ మాటను చేర్చుదురు. తెలుగులో మనుష్యులను లెక్కించుటకు 'ఇద్దరు', 'ముగ్గురు', 'పదిమంది' అని ప్రత్యేక రూపములు వాడినట్లు, చీనా భాషలో వస్తువుల రకమును బట్టి లెక్కమాటలు మారును.

జపాను దేశములో

చీనా లిపి కొరియా ద్వీపకల్పము మీదుగా జపాను చేరినది. జపాను భాషకు చీనా భాషతో జన్మసంబంధము లేదు. అయినను వారు ఆ లిపిని స్వీకరించి, ఒక్కొక్క అక్షరమునకు రెండు విధముల పలుకులు కల్పించుకొనిరి. ఒకటి చీనానుండి వచ్చిన పలుకు; రెండవది స్వభాషా పదము. మన అక్షరమునకు చీనా పలుకు 'హోన్'. దేశీయమగు పలుకు 'మోతో'. మోతో అనగా మొదలు, అడుగు. మనము 'మూలము' అని వ్రాసియున్న దానిని చూచి ఒకప్పుడు 'మూలము' అనియు, మరియొకప్పుడు 'వేరు' అనియు చదివినచో ఎట్లుండునో, ఇదియు నట్లే.

జపాను వారి ఇంటిపేర్లలో ఈ మోతో తరచుగా వినబడును. యామామోతో అనగా కొండ మొదలు. హషిమోతో అనగా వంతెన మొదలు. మత్సుమోతో అనగా దేవదారు వంటి చెట్టు మొదలు. మన వీధులలో తిరుగు హోండా వాహనముల పేరులోని 'హోన్' కూడ ఇదియే. ఆ సంస్థను 1948లో స్థాపించిన సోయిచిరో హోండా గారి ఇంటిపేరునకు 'మూలక్షేత్రము' అని అర్థము చెప్పవచ్చును.

పుస్తకముల లెక్కకు వాడిన మాట జపాను భాషలో పుస్తకమునకే పేరైనది. వారికి హోన్ అనగా పుస్తకము. విచిత్రమేమనగా, వారు పుస్తకములను లెక్కించుటకు మాత్రము హోన్ వాడరు. 'సత్సు' అను వేరొక మాటను వాడుదురు. హోన్‌తో లెక్కించునవి పెన్సిళ్ళు, సీసాలు, చెట్లు, నదులు, రహదారులు. అనగా కాండమువలె పొడవుగా నుండునవి. తరువాత టెలిఫోను పిలుపులకు, చలనచిత్రములకు కూడ ఈ లెక్క వర్తించినది. పూర్వము త్రాళ్ళతో కట్టిన వెదురుబద్దల గ్రంథమును సూచించిన అక్షరము నుండి వచ్చినదే ఆ 'సత్సు'. అదే అక్షరము కొరియాలో 'ఛేక్' అనియు, వియత్నాములో 'సాక్' అనియు పుస్తకమునకు పేరైనది. ఒక దేశములోని లెక్కమాట మరియొక దేశములో వస్తువు పేరు. ఒక దేశములోని వస్తువు పేరు మరియొక దేశములో లెక్కమాట.

జపాను దేశనామములో కూడ ఈ అక్షరము కలదు. చీనావారు పూర్వము ఆ దీవులను 'వా' అనెడివారు. ఏడవ శతాబ్దపు చివరనుండి ఎనిమిదవ శతాబ్దారంభము లోపల జపాను వారు ఆ పేరును విడిచి, సూర్యుడను అక్షరమును, మూలమను అక్షరమును కలిపి తమ దేశమునకు క్రొత్త పేరు పెట్టుకొనిరి. సూర్యుడు పుట్టు చోటని అర్థము. దానిని వారు 'నిహోన్' అనియు, 'నిప్పోన్' అనియు పలుకుదురు. ఇదే పేరు చీనా తీరపు పలుకుబళ్ళలో మార్పుచెంది, మలయా సముద్రముల వర్తకుల నోళ్ళమీదుగా ఐరోపాకు చేరి 'జపాన్' అయినది. కావున మనము జపాను అన్నప్పుడెల్ల, తెలియకయే ఈ చీనా అక్షరమును పలుకుచున్నాము.

కొరియా దేశములో

కొరియాలో ఈ అక్షరమును 'బోన్' అని చదువుదురు. అచ్చట దీనికి రెండు ప్రత్యేకార్థములు కలవు. ఒకటి మాదిరి. దర్జీవాడు బట్ట కత్తిరించుటకు ముందుంచుకొను కాగితపు అచ్చును, పిల్లలు అనుసరింపదగిన మంచి నడవడిని కూడ ఈ మాటతో చెప్పుదురు. రెండవది వంశస్థానము. కొరియాలో ఇంటిపేర్లు తక్కువ. కిమ్, లీ, పార్క్ అనువారు కోకొల్లలు. కావున వంశకర్త ఏ ఊరివాడో ఆ ఊరి పేరును చేర్చి వంశమును గుర్తింతురు. ఆ ఊరియే వారి బోన్. గిమ్హే ఊరి కిమ్ వంశీయులు ఒక్కరే నలువది లక్షలకు పైగా కలరు.

పూర్వాచారము ననుసరించి ఒకే ఇంటిపేరు, ఒకే బోన్ గల స్త్రీపురుషులు వివాహమాడరాదు. దక్షిణ కొరియా పౌరస్మృతి కూడ దీనిని నిషేధించినది. ఎన్నియో తరముల క్రిందట ఒకే ఊరినుండి వచ్చిరను కారణమున, ఏ చుట్టరికమును ఎరుగని యువతీయువకులు చట్టబద్ధముగా దంపతులు కాలేకపోయిరి. అట్టివారి బాధను చూచి ప్రభుత్వము 1978, 1988, 1996 సంవత్సరములలో ఒక్కొక్క యేడు మాత్రము వారి వివాహములను నమోదు చేసికొనుటకు అవకాశ మిచ్చినది. తుదకు 1997లో రాజ్యాంగ న్యాయస్థానము ఆ నిషేధము రాజ్యాంగమునకు సరిపడదని తీర్పు చెప్పినది. 2005లో చట్టము మారి, దగ్గరి బంధువుల వివాహములకు మాత్రమే నిషేధము మిగిలినది.

మూలము తెలిసికొనుట జ్ఞానము. మూలముచేతనే మనుష్యుని కట్టివేయుట వేరు. కొరియా ప్రజలు తమ బోన్‌ను మరచిపోలేదు; వంశవృక్షములను నేటికిని గౌరవముతో దాచుకొనుచున్నారు. ఆ మొదలును సంకెల కానీయరాదని మాత్రము నిశ్చయించుకొనిరి.

వియత్నాము దేశములో

కొరియా వారికి 1443లో సేజోంగ్ రాజు కల్పించి 1446లో ప్రకటించిన స్వంత లిపి కలదు. నేడు అచ్చట వాడుక యంతయు ఆ లిపిలోనే. వియత్నాము వారు మరియొక మార్గమున పోయిరి. క్రైస్తవ మతబోధకులు రోమను అక్షరములతో ఏర్పరచిన లిపిలో అలెగ్జాండర్ ద రోడ్ అను నాతడు 1651లో నిఘంటువు ముద్రించెను. ఆ లిపియే క్రమముగా వ్యాపించినది. చీనా అక్షరములతో సాగిన రాజపరీక్షలు 1919తో ముగిసినవి. నేడు సామాన్య వియత్నాము పౌరుడు మన అక్షరమును చదువలేడు.

మరి ఆ అక్షరము మోసికొని వచ్చిన మాట పోయినదా? పోలేదు. 'బాన్' అను రూపమున ప్రతి, పాఠము అను అర్థములలో ప్రతిదినము వినబడుచున్నది. 'న్యత్ బాన్' అనగా జపాను. ఇంతకన్న ప్రాచీనకాలమున ఇదే మాట మరియొక రూపమున వారి భాషలో ప్రవేశించినదని పండితుల అభిప్రాయము. అది 'వోన్'. దీనికి రెండు అర్థములు: మూలధనము ఒకటి, 'మొదటినుండియు, సహజముగా' అనునది రెండవది. ఈ మాట వాడు రైతుగాని, దుకాణదారుగాని అది పరభాషా పదమని తలపరు. లిపి మారినది, రాజ్యములు మారినవి. మాట మాత్రము నేలలో వేరూనినది.

అరువు ఒకవైపే నడువలేదని కూడ చెప్పవలసియున్నది. పందొమ్మిదవ శతాబ్దమున జపాను పండితులు పాశ్చాత్య గ్రంథములను అనువదించుచు, చీనా అక్షరములతో అనేక క్రొత్త మాటలు కూర్చిరి. పెట్టుబడిదారీ విధానమునకు వారు కల్పించిన మాటలో మన అక్షరము కలదు. ఆ మాట చీనాకు తిరిగి వెళ్ళి 'జిబెన్ జుయి' అయినది. కొరియా, వియత్నాములకు కూడ వ్యాపించినది. అప్పు తీసికొన్నవారు వడ్డీతో చెల్లించినట్లయినది.

మన మాటలు

ఇప్పుడు మన తరగతికి తిరిగి వత్తము. అరబీ భాషలో 'అస్ల్' అనగా వేరు, మొదలు. దాని బహువచనము 'ఉసూల్'; అనగా మూలసూత్రములు. ఉర్దూలో అది అసల్, అస్లీ, అస్లియత్ అను రూపములు దాల్చినది. తెలుగులో 'అసలు' అయి మూడు పనులు చేయుచున్నది. అప్పులో వడ్డీకి ఎదుట నిలుచునది అసలు. కచేరీలో నకలుకు ఎదుట నిలుచునది అసలు. 'అసలు జరిగినదేమి' అన్నప్పుడు నిజమును వెలికితీయునది అసలు. చీనా బెన్ చేయు పనులును ఇవియే కదా: అప్పులో మొదటి సొమ్ము, గ్రంథములలో మూలప్రతి, మాటలలో 'నిజమునకు'.

సంస్కృతమునుండి వచ్చిన 'మూలము' కూడ వేరు, మూలగ్రంథము, మూలధనము అను అర్థములలో కలదు. అచ్చతెలుగు 'మొదలు' సంగతియు నట్లే. చెట్టు మొదలు, కథ మొదలు. పెట్టిన సొమ్ము మునిగినప్పుడు 'మొదటికే మోసము' అందుము. చీనావారు అరబ్బులను అడుగలేదు; అరబ్బులు తెలుగువారిని అడుగలేదు. చెట్టును చూచినవారందరును వేరువేరుగా ఒకే దారిన నడచిరి. తెలుగువాడు ఆ మూడు దారుల మాటలను తన ఇంట దాచుకొన్నాడు. వీనిలో దేనిని వెలివేసినను నష్టపోవునది తెలుగే.

'అసలు కంటె వడ్డీ ముద్దు' అని తెలుగు తాతలు మనుమలను చూచి అందురు. 'అసల్ సే సూద్ ప్యారా' అని ఉర్దూ ఇండ్లలో నానాలు, దాదాలు అదే సందర్భమున అందురు. ఈ సామెత మొదట ఎవరిదని తగవులాడుట కంటె, రెండు ఇండ్లలోను అది మనుమని తల నిమురుచునే పలుకబడుచున్నదని గ్రహించుట మేలు.

మా ఉపాధ్యాయుల ఎర్రగీతకు ఇన్ని సంవత్సరములకు మేము చెప్పగల సమాధాన మిది. 'అన్యదేశ్యము' అనునది మాట వచ్చిన దారిని తెలుపు పేరు. ఆ మాటపై హక్కును తెలుపు పేరు కాదు. చీనా అక్షరము జపానులో పుస్తకమైనది, కొరియాలో వంశమైనది, వియత్నాములో లిపి పోయినను బ్రతికినది. అవి యెవ్వియు చీనా అర్థములకు లోబడి జీవింపలేదు. చీనా ఋణమును దాచనూ లేదు.

కావున విద్యార్థులారా, మీ వ్యాసములలో 'అసలు' అని వ్రాయవలసి వచ్చినప్పుడు నిస్సంకోచముగా వ్రాయుడు. వ్రాసిన పిమ్మట దాని మొదలేదో నిఘంటువు తెరచి తెలిసికొనుడు. ఈ రెండు పనులలో ఒకదానిని చేసి మరియొకదానిని విడువకుడు. ఇక నుండి మా తరగతిలో ఆ మాట క్రింద గీత పడినచో, అది కొట్టివేతకు గుర్తు కాదు. ఆ చీనా అక్షరములోని అయిదవ గీతవలె, మొదలు ఇచ్చట కలదని చూపుటకు మాత్రమే.